తెర మీది రాజు

టాకీలు వచ్చిన కొత్తలో బోధన్ రైల్లో ఒక రైతు ఇల్లాలు నా ఎదుట కూర్చుంది. తలుపు దగ్గర నిలబడ్డ భర్తను చూపించి, "నిన్న నిజామాబాదుల టాకీ సూసినం అన్నా. పెండ్లాం మీద అనుమానపడ్డ రాజు కథ. ఆఖరికి రాజు ఏడుస్తుంటే మా ఇంటాయన గూడ ఏడ్సిండు. నన్ను మాఫ్ చెయ్యమన్నడు," అంది.

పదేళ్లుగా ఊరూరా నాటకంలో ఆ రాజు వేషం కట్టేది నేనే. ఆ కన్నీళ్లు తెర మీది బొమ్మకు దక్కాయని నా కడుపు మండింది.

"ఆయన గీ కథ నాటకంల చూడలేదా అక్కా?"

"నవీపేటల సూసిండు. రాజు పెండ్లాన్ని కొడుతుంటే జనం ఈలలేసి మల్లొకసారి కొట్టించిండ్రట. ఆ దినం ఇంటికొచ్చి నన్ను గట్లనే కొట్టిండు."

నవీపేటలో ఆ వేషం కట్టిందీ, ఈలలకు మళ్లీ కొట్టిందీ నేనే. తరువాత ఎవరు వన్స్‌మోర్ అన్నా ఆ ఘట్టం మళ్లీ ఆడలేదు. టాకీ రాజు మీద అసూయ మాత్రం పోలేదు.