బుడగల పాఠం

ఈతకొలనుకు కొత్తగా వచ్చినవాళ్ళకు ఆమె ముందుగా ఈత నేర్పదు, బుడగలు ఊదడం నేర్పుతుంది. గట్టు పట్టుకుని, మొహం నీళ్ళలో పెట్టి, నోటితో ఊపిరి వదలాలి. అంతే. బడిపిల్లలకైనా, బ్యాంకు మేనేజరుకైనా అదే మొదటి పాఠం. ఇంత వయసొచ్చి ఇదేం ఖర్మ అని సిగ్గుపడేవాళ్ళూ ఉంటారు. "సిగ్గు గట్టు మీద పెట్టి రండి, ఎవరూ ఎత్తుకుపోరు" అంటుంది నవ్వకుండా. అందరూ ఆమెను నీళ్ళ టీచరు అంటారు. ముద్దొస్తే మొగుడూ అలాగే పిలుస్తాడు, కోపమొచ్చినా అలాగే పిలుస్తాడు.

అయితే, నేర్పేవాళ్ళకు ఆ పని వచ్చి ఉండాలని రూలేమీ లేదు కదా. నీళ్ళ టీచరుకు ఊపిరి వదలడం కంటే బిగబట్టడమే ఇష్టం. చిన్నప్పుడు ఒక్క ఊపిరితో కొలను ఈ చివర నుంచి ఆ చివరకు అడుగునే వెళ్ళిపోయేది. పైన స్నేహితురాళ్ళు ఇది పోయిందిరా దేవుడా అని ఏడుపు లంకించుకునేవాళ్ళు. పెద్దయ్యాకా ఆ అలవాటు పోలేదు. పన్ను పీకించుకున్నా, ఎవరైనా నాలుగు మాటలన్నా, ఊపిరి బిగబట్టి లోపలెక్కడో అడుగుకు వెళ్ళి కూర్చుంటుంది.

మొదటి కాన్పులోనూ అదే చేసింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టింది, ఎంతసేపు పట్టగలిగానో చూడమని లోలోపల గర్వపడింది కూడా. సాయంత్రానికి బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోవడం మొదలైంది. ఎవరెవరో పరిగెత్తుకొచ్చారు. మంచం చక్రాల మీద కదిలింది. మొహం మీద మాస్కు పెట్టారు. ఆ తర్వాత ఆమెకు తెలిసిందల్లా గొంతులో మంట, పొట్ట మీద కట్టు. అప్పటికే బిడ్డను మొగుడు చూశాడు, అత్తగారు చూసింది, వార్డు ఊడ్చే ఆవిడ కూడా చూసి అచ్చం తండ్రి పోలికేనని తేల్చేసింది. లోకమంతా చూశాక ఆఖరున తల్లి చూసింది.

ఆ బిడ్డే బుడంకాయ. బొద్దుగా ఉంటుంది కనుక ఆ పేరు, ఇప్పుడు బడికి వెళ్తోంది. దాని పుట్టినరోజు వచ్చిందంటే చాలు, వాళ్ళ నాన్న ఆ కథ ఎత్తుకుంటాడు. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు, దేన్నయినా కంటికి దగ్గరగా పెట్టుకుని చూడటం ఆయన పని. "గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టారా, ఒక కన్ను తెరిచి నన్ను ఎగాదిగా చూసింది, ఓహో నువ్వేనా అన్నట్టు!" అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వి, ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళి, పంపు తిప్పి ఊరికే నిలబడుతుంది.

రెండోసారి కడుపు పండాక ఒక కల మొదలైంది. తను కొలను అడుగున వెల్లకిలా పడుకుని ఉంటుంది. పైన నీళ్ళలో వెలుగు వలలా కదులుతూ ఉంటుంది. గట్టు మీద తన వాళ్ళందరూ నిలబడి తెల్లటి, చిన్న మూట ఏదో చేతులు మార్చుకుంటుంటారు. వాళ్ళ నోళ్ళు కదులుతాయి, మాట వినబడదు. ఆ కలలో భయం ఉండదు, దాని బాధే అది. అంతా మెత్తగా, చల్లగా, హాయిగా ఉంటుంది. పైకి రావాలన్న సంగతి మాత్రం గుర్తు రాదు. లేచేసరికి దిండు తడిసి ఉంటుంది.

ఒకరోజు ఉతికిన బట్టలు మడతపెడుతూ మొగుడితో అనేసింది. "ఈసారి మామూలు కాన్పుకి ప్రయత్నిస్తానండీ."

ఆయన చేతిలో బుడంకాయ గౌను అలాగే ఆగిపోయింది. "మళ్ళీ ఆ గొడవెందుకే? ఆపరేషన్‌కి ఒక తేదీ చెప్తారు, వెళ్తాం, బిడ్డతో వస్తాం. ఆ రోజు తలుపు బయట నిలబడింది నేను. కాళ్ళూ చేతులూ ఆడలేదు నాకు."

"మీరు తలుపు బయటైనా ఉన్నారు. నేనెక్కడున్నానో నాకే తెలీదు. మీరు చెప్పే కథలో నేను లేనండీ. ఈసారి నా బిడ్డని అందరికంటే ముందు నేను చూడాలి. నాకింకేం వద్దు."

ఆయన గౌను మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. పాత కోత అడ్డంగా, గర్భసంచి కింది భాగంలో ఉంది కనుక ప్రయత్నించవచ్చు. కాకపోతే, అరుదుగానే అయినా, నొప్పుల్లో లోపలి పాత కుట్టు విడిపోయే ప్రమాదముంది. అందుకని ఇంట్లో ఆలస్యం చేయకూడదు, బిడ్డ గుండెను యంత్రం వింటూనే ఉండాలి, పక్కన ఆపరేషన్ గది సిద్ధంగా ఉండాలి. "నొప్పికీ నొప్పికీ మధ్య కూడా కుట్టు దగ్గర నొప్పి తగ్గకపోతే వెంటనే చెప్పాలి. అవసరమైతే ఆపరేషన్ చేసేస్తాను. అప్పుడు నా మీద అలగకూడదు."

"చేస్తే చేయండి మేడం. నన్ను నిద్రపుచ్చొద్దు, అంతే."

"వీలైతే నడుము దగ్గర మత్తిచ్చి చేస్తాం, మెలకువగానే ఉంటారు. మాట మాత్రం ఇవ్వలేను."

మాట ఇవ్వలేనన్నందుకే మొగుడు మెత్తబడ్డాడు. అంతా బాగుంటుందని ఊరించి ఉంటే ససేమిరా ఒప్పుకునేవాడు కాదు.

ఇక కాన్పుల వార్డు నర్సు సంగతి చెప్పాలి. ఎందరు పిల్లల్నో చేతుల్లోకి అందుకున్న మనిషి, నీళ్ళంటే మాత్రం వణుకు. మోకాళ్ళకు మంచిదని ఎవరో చెబితే ఈతకు చేరింది. చేరింది మొదలు గట్టు కడ్డీని సొంత ఆస్తిలా పట్టుకుని వదలదు. ఒక ఉదయం ఆమె చేత బుడగలు ఊదిస్తుండగా టీచరు పొట్ట గట్టిపడింది. నెలలు నిండుతుంటే వచ్చిపోయే ఉత్తుత్తి నొప్పి. టీచరు పెదవులు బిగించి, కళ్ళు మూసుకుని, బొమ్మలా నిలబడిపోయింది.

నర్సు కడ్డీ వదిలేసి నడుము లోతు నీళ్ళు తోసుకుంటూ వచ్చేసింది. "టీచరమ్మా, ఊపిరేదీ?"

"నాకు అలవాటే అక్కా" అని, దాచలేక, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది చెప్పేసింది టీచరు. "పెద్దదాని గుండె తగ్గింది నా వల్లే. నేను ఊపిరి బిగబట్టాను."

"డాక్టరు చెప్పారా?"

"లేదు. ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నా."

"బాగుంది వరస! దొంగా మీరే, పోలీసూ మీరే, జడ్జీ మీరే. బిడ్డ గుండె తగ్గడానికి సవాలక్ష కారణాలుంటాయి. అదంతా తెచ్చి మీ నెత్తిన పెట్టుకుంటే ఎలా? కాకపోతే, బిగబడితే మీరు త్వరగా అలిసిపోతారు. నొప్పొస్తే నోటితో వదలండి, నెమ్మదిగా, పొడుగ్గా. ఇందాక నాకు నేర్పారుగా?"

"బుడగలా?"

"బుడగలే."

టీచరు నవ్వబోయి ఏడ్చింది. కొలనులో ఏడిస్తే ఒక సుఖముంది, ఎవరికీ తెలియదు. అప్పుడు చూసుకుంది నర్సు, తన చేతిలో కడ్డీ లేదని. కెవ్వుమని వెనక్కి పరిగెత్తింది.

ఆ రోజు నుంచి ఇంట్లోనూ బుడగల బడే. స్నానాలగదిలో బకెట్ నిండా నీళ్ళు, అందులో వంతులవారీగా తల్లి మొహం, కూతురి మొహం. "అమ్మా, ఇంకా పొడుగ్గా! సున్నా మార్కులు నీకు" అని బుడంకాయ పెత్తనం చేసేది. అత్తగారు గుమ్మంలో నిలబడి ముక్కు మీద వేలేసుకునేది.

"మా రోజుల్లో ఊదడాలూ లేవు, పాడూ లేదు. నొప్పొచ్చినప్పుడల్లా మీ మామగారిని నోరారా తిట్టాను. ఎంత హాయిగా ఉందో!"

"అదీ ఊపిరి వదలడమే అత్తయ్యా."

"అయితే మావాణ్ణి తిట్టుకో, నేనేం అనుకోను" అని అభయమిచ్చి పోయింది.

నెలలు నిండిన ఒక పొద్దున టీచరు కొలనులో వెల్లకిలా తేలుతోంది. పైకప్పు అద్దాల్లోంచి దిగిన ఎండ నీళ్ళ మీద ఊగుతోంది. చెవులు నీళ్ళలో ఉన్నాయి కనుక తన గుండె తప్ప ఇంకేమీ వినబడటం లేదు. అది ఒకటో రెండో కూడా తెలియడం లేదు. అలా ఎంతసేపున్నదో! గట్టెక్కి తుడుచుకుంది, మళ్ళీ తడిసింది. పొడిబట్టలు కట్టుకుంది, అవీ తడిశాయి. "ఏం తువ్వాలిది, చుక్క నీరు పీల్చదు" అని తువ్వాలును తిట్టి ఇంకొకటి తెచ్చుకుంది.

"టీచరమ్మా, అవి కొలను నీళ్ళు కావు" అంది గట్టు మీది నర్సు.

నీళ్ళ టీచరుకు ఏ నీళ్ళు ఏవో తెలియలేదని ఆ వార్డులో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఆసుపత్రిలో పొట్టకు బెల్టు కట్టారు. యంత్రంలోంచి బిడ్డ గుండె టకటకా పరిగెడుతూ వినిపించింది. నర్సు డ్యూటీ బట్టల్లోకి మారి వచ్చింది. ఈసారి మొగుణ్ణి లోపలికి రానిచ్చారు, తల దగ్గర నిలబడి చెయ్యి పట్టుకున్నాడు. నొప్పి వచ్చేది, ఆమె ఊదేది, నొప్పి పోయేది. మధ్యలో కునుకు పట్టేది. గది గోడలు లేత నీలంగా ఉన్నాయో, తనకే అలా కనిపించాయో తెలియదు. మధ్యాహ్నం ఎప్పుడు దాటిందో కూడా తెలియదు.

ఉన్నట్టుండి యంత్రంలో పరుగు నెమ్మదించింది.

డాక్టరమ్మ వచ్చింది, ఆపరేషన్ గదికి కబురు పంపింది, ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. పైన మొహాలు వంగాయి, నోళ్ళు కదిలాయి. అదే కల. మాటలు ఎక్కడో దూరమైపోయాయి. ఆమె హాయిగా, మెత్తగా అడుగుకు దిగిపోతోంది.

"ఊపిరేదీ?" అంది చెవి దగ్గర నర్సు.

బిగించిన పెదవులు విప్పి ఊదింది. ఇంకా పొడుగ్గా, సున్నా మార్కులు, అని ఎవరో అన్నట్టయింది. మళ్ళీ ఊదింది.

"కుట్టు దగ్గర నొప్పి ఆగకుండా ఉందా?" డాక్టరమ్మ అడిగింది.

"లేదు మేడం. వచ్చి పోతోంది."

అందరూ యంత్రం వైపే చూశారు. టక్, టక్. ఇంకాస్త వేగంగా. తర్వాత మళ్ళీ పాత పరుగు. డాక్టరమ్మ కదలకుండా కొన్ని నొప్పులు చూసి, "కానిద్దాం" అంది. మొగుడు పట్టుకున్న చెయ్యి చెమటతో జారిపోతోంది, వదల్లేదు.

చివరి నొప్పికి ఆమె మొగుణ్ణి తిట్టింది కూడా, అత్తగారి అనుమతి ఉంది కదా. తిట్టి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కళ్ళు తెరవండి టీచరమ్మా!"

తెరిచింది. నర్సు చేతుల్లో తడితడిగా, ముడతలు ముడతలుగా ఒక మనిషి. రెప్పపాటు గదిలో చప్పుడు లేదు. అంతలో ఆ మనిషి నోరంతా తెరిచి, లోపలున్న గాలంతా వదిలేస్తూ ఏడ్చాడు. ఆ ఏడుపు ఆమె మొదటి నుంచి చివరి దాకా వింది. వెచ్చగా తెచ్చి గుండెల మీద వేశారు. ఒక చెవి మడతపడి ఉంది. వేలితో దాన్ని మెల్లగా విప్పింది.

మొగుడికి చూపిద్దామని తలెత్తింది. ఆయన ఆమె చెయ్యి వదలకుండానే మొహం గోడకు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు.

"ఏవండీ, కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు."

"మరేంటి?"

"నువ్వు చూశావా?"

"చూశాను."

"బాగా చూశావా?"

ఆమెకు అప్పుడు అర్థమైంది.

"ఇంకాసేపు చూడు" అన్నాడాయన గోడతో. "నాకు తొందరేం లేదు."