బెల్టు చెప్పని గుంత

పొద్దున జరిగింది. సాయంత్రమైనా ఇంకో పని ముట్టుకోలేదు.

చూపు లేనివాళ్ల కోసం ఆరు నెలలుగా ఒక నడుము బెల్టు తయారుచేస్తున్నాను. ఎదురుగా గోడో, మనిషో, బండో ఉంటే అది వణుకుతుంది. మా వీధి యోహాను పెదనాయన అది కట్టుకుని మా ఇల్లంతా ఒక్క గోడకూ తగలకుండా తిరిగాడు. ఆ ధైర్యంతో ఈ రోజు మార్కాపురం బయట పలకల గనుల వైపు మట్టిరోడ్డు మీద నడిపించాను. వీడియోలో బాగుండదని ఆయన చేతికర్ర కూడా తీసేసుకున్నాను.

పది అడుగుల వెనక ఫోన్‌లో వీడియో తీస్తూ నడుస్తున్నాను. రోడ్డు మలుపు తిరిగింది, ఆయన తిరగలేదు. తలెత్తి చూస్తే, ఆయనకు రెండడుగుల ముందు పాత గని గుంత. ఫోన్ వదిలేసి పరుగెత్తాను.

ఆయనే ఆగాడు.

"ఏంది పాపా, ముందర గుంత ఉంటే నీ బెల్టు గమ్మునుంది?"

"నీకెట్ల తెలిసింది పెదనాయనా?"

"కాళ్ల కింద పలకముక్కలు తగిలినాయి. పనికిరాని ముక్కలు గుంత అంచునే కదా పోసేది. కండ్లున్నప్పుడు నేనూ పోసినోణ్ణే."

బెల్టు చెడిపోలేదు. ఎదురుగా ఏదైనా ఉంటేనే చెప్పమన్నాను, ఏమీ లేదు కాబట్టి చెప్పలేదు. మా ఇంట్లో గోడలే తప్ప గుంతలు లేవు, నాకు తోచనే లేదు.

రేపు మళ్లీ నడుద్దామని ఆయన హుషారుగా ఉన్నాడు. నాకే భయం. "వణకకపోతే దారి ఖాళీ, ధైర్యంగా అడుగెయ్యి" అని ఆయనకు నేర్పింది నేనే.

మీరైతే ఈ బెల్టు మీ నాన్నకు కడతారా? నిజం చెప్పండి.