మా నలుగురికీ అల్లిక నేర్పిన మామ్మగారు

తెనాలి మామ్మగారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున్నే, రేపల్లెలో మా ఇంటి ఎదురుగా ఎస్టీడీ బూత్ నడిపే ఆయన రోడ్డు దాటి వచ్చి ఆ కబురు చెప్పి వెళ్ళాడు. రాత్రి నిద్రలోనే పోయారట. నాన్న అప్పుడే ముఖం కడుక్కుని తువ్వాలు భుజాన వేసుకుంటున్నాడు. నేనూ అమ్మా ప్రయాణానికి తయారవుతుంటే వరండాలో అలాగే నిలబడిపోయాడు. చివరికి, "అక్కడికి బాపట్ల వాళ్ళు కూడా వస్తారు కదే" అన్నాడు.

ఆ ఒక్క మాట వెనక మా ఇంటి సిగ్గంతా ఉంది. ఇది రాయొచ్చా అని నాన్నను అడిగాను. "ఆవిడ గురించి రాస్తూ నా సంగతి దాచిపెడితే ఆవిడకే నచ్చదు. రాయి" అన్నాడు. అందుకే రాస్తున్నాను.

మామ్మగారు మాకు చుట్టం కాదు. మేం తెనాలిలో అద్దెకున్న ఇంటి యజమానురాలు. బాపట్లలోనూ, తర్వాత తెనాలిలోనూ ఆడపిల్లల బళ్ళలో కుట్లూ అల్లికలూ నేర్పి రిటైరయ్యారు. ఆదివారం తెల్లచీర కట్టుకుని లూథరన్ గుడికి వెళ్ళేవారు. ఒక్క బిస్కెట్టు తినాలన్నా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. అల్లుతూ కుట్లు లెక్కపెట్టుకుంటున్నప్పుడు మాత్రం పాస్టరు గారు వచ్చినా సరే, అరచెయ్యెత్తి ఆపేసేవారు. వరస పూర్తయ్యాకే "రండయ్యా, కూర్చోండి" అనేవారు.

మేం ఆ ఇంటికి ఎందుకొచ్చామో చెప్పాలి. ఎనభయ్యో దశకం చివర్లో నాన్న బాపట్లలో హైస్కూలు టీచరు. ఆ ఏడాది టెన్త్ పబ్లిక్ పరీక్షల్లో ఆయన కాపలా ఉన్న గదిలోనే మా మేనత్త కొడుకు లెక్కల పరీక్ష రాస్తున్నాడు. అంతకుముందు ఏడాది తప్పాడు. పరీక్షలకు ముందు అత్తయ్య వచ్చి మా ఇంట్లో కూర్చుని ఏడ్చింది. నాన్న ఒక కాగితం ముక్క మీద లెక్కలు చేసి వాడి బల్ల మీద పెట్టాడు. అదే సమయానికి స్క్వాడ్ వచ్చింది. చీటీ మీద ఉన్నది నాన్న చేతిరాతే. ఆయన్ని సస్పెండ్ చేశారు, వాణ్ణి డిబార్ చేశారు. మర్నాడు జిల్లా పేపర్లో నాన్న పేరు, ఊరు పేరు, బడి పేరు అన్నీ వచ్చాయి.

ఎవరో కిట్టనివాళ్ళు ఇరికించారని చెప్పుకోవడానికి కూడా లేదు. నాన్న నిజంగానే ఇచ్చాడు. అత్తయ్య మళ్ళీ వచ్చి, "చేతకానివాడివి ఎందుకు చేశావురా? నా కొడుకు బతుకు పాడయింది" అని గుమ్మంలోంచే వెళ్ళిపోయింది. బాపట్లలో వీధికి పదిమంది నాన్న శిష్యులు. కూరగాయలకు వెళ్ళినా, మంగలిషాపుకు వెళ్ళినా ఎవరో ఒకరు "నమస్కారం సార్" అనేవారు. అంతకుముందు వినసొంపుగా ఉన్న ఆ మాటకి నాన్న తల దించుకోవడం మొదలుపెట్టాడు. మా మామయ్య తెనాలిలో ఇల్లు చూసి, "బదిలీ మీద వస్తున్నారని చెప్పాను, మీరూ అలాగే చెప్పండి" అన్నాడు.

తెనాలి వచ్చాక మా వాటా తలుపు పగలంతా మూసే ఉండేది. ఎవరైనా అడిగితే, "ఆయనకి ఒంట్లో బాగోలేదండీ, సెలవు పెట్టారు" అనేది అమ్మ. నాన్న ఆ చీకటి గదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. తమ్ముడు చిన్నవాడు, గట్టిగా నవ్వితే అమ్మ నోరు మూసేది. మేం నవ్వుకుంటున్నామని జనం అనుకుంటారేమోనని.

ఒక మధ్యాహ్నం మామ్మగారు వచ్చి తలుపు తట్టారు.

"మాస్టారూ, పెరడంతా ఖాళీగా పడి ఉంది. గునపం, పార బావి దగ్గరున్నాయి. మీరూ ఖాళీగానే ఉన్నారుగా" అన్నారు.

"ఆయనకి ఒంట్లో..." అని అమ్మ మొదలుపెట్టింది.

"ఏ రోగమూ లేదమ్మాయ్. నేనూ పేపరు చదువుతాను."

అమ్మ ముఖం నెత్తురు చుక్క లేకుండా అయిపోయింది. ఇల్లు ఖాళీ చేయమంటారనే అనుకున్నాం. నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు గానీ తలెత్తలేదు.

"మీరు చేసిన పని నాకు నచ్చలేదండీ" అన్నారు మామ్మగారు. "నేనూ పంతులమ్మనే. మిగతా పిల్లలంతా తలలు వంచుకుని రాసుకుంటుంటే ఒకడికి చీటీ ఇచ్చారు. చాలా తప్పు. అది మీకు చెప్పకుండా మిమ్మల్ని ఇంట్లో ఉంచుకుంటే నాకు మనసొప్పదు, అందుకని చెప్పేశాను. ఇంక ఆ మాట నేను ఎత్తను. కానీ ఈ పిల్లలు చూడండి, ఎండ తగలక పాలిపోయారు. సాయంత్రం గునపం పట్టుకోండి."

అప్పటిదాకా అందరూ మా వెనకాల అన్నారు. ఎదురుగా అన్నది ఆవిడొక్కరే. ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. పరాయి మనిషి, మా నాన్నను మా ముందే అలా అంటుందా అని ఏడ్చాను. నాన్న మాత్రం పొద్దుగుంకాక, పక్కింటి డాబా మీద ఎవరూ లేకుండా చూసుకుని, పెరట్లోకి వెళ్ళాడు.

అలా మొదలైంది. మొదట్లో మసకచీకట్లోనే తవ్వేవాడు. తర్వాత అమ్మ నీళ్ళు పోయడానికి వెళ్ళింది, తర్వాత మేమూ వెళ్ళాం. మాలో ఎవరికీ తోటపని రాదు. నాన్న తోటకూర విత్తనాలు లోతుగా పాతిపెడితే ఒక్కటీ మొలవలేదు. "అవి ఆవగింజంత లేవు కదండీ, అంత బరువు ఎలా మోస్తాయి? పైపైన చల్లండి" అని మామ్మగారు నవ్వారు. కొల్లూరు లంకల నుంచి కూరలు తెచ్చి అమ్మే ఆవిడని అడిగి కాకర గింజలు, బీర గింజలు తెప్పించారు. బెండ మొదటి కాపు కాసినరోజు తమ్ముడు చెట్టు మీదే కొరుక్కు తిన్నాడు. అమ్మ వాడి నోరు మూయలేదు.

వానలు పట్టాక పెరట్లో పని లేకుండా పోయింది. నాన్న మళ్ళీ మంచం ఎక్కాడు. అప్పుడు మామ్మగారు ఒక చేటలో ఊలు పట్టుకొచ్చారు. ఎవరో ఇచ్చిన పాత స్వెట్టర్లు విప్పి ఉండలు చుట్టిన ఊలు. అల్లిక సూదులు తన దగ్గర ఒక్క జత ఉంటే, మాకోసం సైకిల్ చువ్వలు తెప్పించి చివర్లు అరగదీసి పెట్టారు.

"తెనాలి ఎండలకి స్వెట్టరేంటి మామ్మగారూ?" అన్నాను నేను.

"నీకు కాదులే పాపా. కాన్పుల ఆసుపత్రిలో పుట్టినవాళ్ళకి టోపీలు కావాలి. వానాకాలం పుట్టిన పిల్లలు వణికిపోతారు" అన్నారు. నాన్న వైపు ఒక జత చువ్వలు చాపారు. "మాస్టారూ, మీరు కూడా."

"నాకెందుకండీ, ఆడవాళ్ళ పని..."

"లెక్కల పనండీ ఇది. పట్టుకోండి."

వరండాలో నలుగురం చాపేసుకుని కూర్చునేవాళ్ళం. తమ్ముడు వేసిన కుట్లు రోజురోజుకీ బిగిసిపోయి చువ్వ కదిలేది కాదు. అమ్మకు చెయ్యి తొందరగా తిరిగింది. నాన్న పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకునేవాడు. నాకు మాత్రం ప్రాణం పోయేది. వరండా వీధిలోకే ఉంది. చీటీల గొడవ చాలదన్నట్టు, మా నాన్న పంచె ఎగ్గట్టుకుని కూర్చుని ఊలు అల్లుతున్నాడని ఇంక ఊరంతా చెప్పుకుంటారని భయం. దారినపోయే ప్రతి మనిషినీ నేను తల దించుకునే చూసేదాన్ని. నాన్న కూడా సైకిలు చప్పుడైతే చాలు అల్లిక పంచె కింద దాచేవాడు. మామ్మగారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

నేను భయపడ్డది ఇంకోలా వచ్చింది. బాపట్ల నుంచి వచ్చిన ఒకమ్మాయి మా క్లాసులో చేరింది. రెండోరోజుకే నేను "చీటీల మాస్టారి కూతురు" అయిపోయాను. ఇంటర్వెల్లో చిన్న చిన్న కాగితం ముక్కలు నా పుస్తకాల మీద పడేవి. బడికి వెళ్ళనని మొండికేశాను. కారణం ఇంట్లో చెప్పలేదు, నాన్న వింటాడని. మామ్మగారు కాకరపందిరి దగ్గరికి తీసుకెళ్ళి అడిగితే వెక్కి వెక్కి ఏడుస్తూ చెప్పాను. ఆవిడ వచ్చి వాళ్ళని తిడతారనుకున్నాను.

"నిజమే కదా పాపా, ఏమని పోట్లాడతావు?" అన్నారు. "అవును, మా నాన్నే అని చెప్పు. ఆ తర్వాత వాళ్ళకి అనడానికేం మిగలదు."

"సిగ్గేస్తుంది మామ్మగారూ."

"వేస్తుంది. వెయ్యనీ. సిగ్గుపడుతూనే చెప్పు."

మర్నాడు చెప్పాను. కాగితం ముక్కలు ఏరుకుంటూ, తలెత్తకుండానే. వాళ్ళు ఒక్కరోజులో ఆపలేదు. కానీ కొన్నాళ్ళకి వాళ్ళకే విసుగు పుట్టింది. ఆ తర్వాత బతుకులో ఎన్నిచోట్ల ఆ మాట నన్ను నిలబెట్టిందో చెప్పలేను. ధైర్యం వచ్చాక చెప్పమని అందరూ అంటారు. సిగ్గుపడుతూనే చెప్పొచ్చని నాకు చెప్పింది ఆవిడే.

ఆ చలికాలంలో నాన్నకు గుంటూరులో విచారణకు రమ్మని కాగితం వచ్చింది. తెలిసిన మాస్టారొకాయన వచ్చి, "చీటీ మీ సంచిలోంచి ఆ కుర్రాడే తీసుకున్నాడని చెప్పండి. మీ అక్కగారితో ఎలాగూ మాటల్లేవు" అని సలహా చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం వరండాలో అల్లికలు పట్టుకుని కూర్చున్నాం. నాన్న అల్లిక తప్పి ఒక్కో వరసే విప్పుతున్నాడు. ఉన్నట్టుండి, "తప్పిన కుట్టుని ఇలా విప్పి మళ్ళీ వేసుకోవచ్చు. మనిషికి ఆ వీలు లేదాండీ?" అన్నాడు.

మామ్మగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఊలుకీ దీనికీ ముడి పెట్టకండి మాస్టారూ. ఊలు విప్పితే ఊలే వస్తుంది. మీరు చేసింది విప్పలేరు. ఆ కుర్రాడు ఇంట్లో కూర్చున్నాడు, అదీ విప్పలేరు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"జరిగింది జరిగినట్టు చెప్పండి."

"ఉద్యోగం పోతే?"

మామ్మగారు జవాబు చెప్పేలోగా అమ్మ అంది. అంతవరకూ నాన్నకు ఎదురుమాట చెప్పగా మేం వినలేదు. "పోతే పోతుందండీ. మీరు ఆ పిల్లాడి మీదకి నెట్టేసి వస్తే మళ్ళీ తలుపేసుకుంటారు. ఈసారి ఎవరూ తీయించలేరు."

నాన్న వెళ్ళి నిజమే చెప్పాడు. చీటీ నేనే రాశాను, నేనే ఇచ్చాను, కుర్రాడు అడగలేదు అన్నాడు. ఉద్యోగం మిగిలింది. ఇంక్రిమెంట్లు కోసి, రేపల్లె అవతల ఏటిగట్టు దగ్గరి పల్లెలో బడికి వేశారు. అత్తయ్య మాత్రం మళ్ళీ మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడదు. అన్నీ చక్కబడ్డాయని రాస్తే అబద్ధమవుతుంది.

రేపల్లె వచ్చాక మేం తెనాలి వెళ్తూనే ఉండేవాళ్ళం. నాన్న కూడా వచ్చేవాడు గానీ, మామ్మగారు ఒంటరిగా ఉండే వేళ చూసుకుని వచ్చేవాడు. ఆవిడ పాత తోటి టీచర్లు వచ్చే పండగలకి, పుట్టినరోజులకి వచ్చేవాడు కాదు. "క్రిస్మస్‌కి మాస్టారు మళ్ళీ రాలేదేం?" అని ఆవిడ ఒక్కసారే అడిగారు. అమ్మ ఏదో చెప్పబోతే, "సర్లే, వచ్చినప్పుడే రానీ" అన్నారు. ఆవిడ ఉండగా ఆయన ఆ గుంపులోకి రానేలేదు. అది నాన్నకిప్పుడు ఎంత కొరతగా ఉందో నాకు తెలుసు.

మంగళవారం నాన్న మాతోపాటు రైలెక్కాడు. తెనాలిలో ఆ వీధి మొదట్లోనే ఆగిపోయాడు. వాకిట్లో షామియానా కింద కుర్చీల్లో ఎంతోమంది రిటైరైన టీచర్లు. అందులో, బాపట్లలో నాన్న పనిచేసిన బడి హెడ్మాస్టరు గారు కూడా ఉన్నారు, బాగా ముసలాయనైపోయారు. అమ్మ నాన్న చెయ్యి పట్టుకోలేదు, రమ్మని పిలవలేదు. నేనూ పిలవలేదు. ఆయన కాసేపు నిలబడి, తనంతట తనే నడిచి లోపలికొచ్చాడు.

హెడ్మాస్టరు గారు కళ్ళు చిట్లించి చూసి, "మీరు... మన మాస్టారు కదూ?" అన్నారు. చుట్టూ నాలుగైదు తలలు తిరిగాయి.

"అవునండి, నేనే" అన్నాడు నాన్న.

"ఈవిడ మీకేమవుతారు?"

"ఏమీ కారండీ. అద్దెకుండేవాళ్ళం. మాకు అల్లిక నేర్పారు."

హెడ్మాస్టరు గారు పక్క కుర్చీ మీద ఉన్న సంచి తీసి కింద పెట్టుకున్నారు. నాన్న కూర్చున్నాడు.

సాయంత్రం సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక పెట్టెను గోతిలోకి దించారు. మనిషికో పిడికెడు మట్టి వెయ్యాలి. నల్లమట్టి, ఎండకి పెళ్ళలు పెళ్ళలుగా గట్టిపడి ఉంది. ఒక్కొక్కరూ వేస్తుంటే పెట్టె మీద దబ్బుమని చప్పుడవుతోంది. నాన్న వంతు వచ్చింది. ఒక పెళ్ళ చేతిలోకి తీసుకున్నాడు, వెయ్యలేదు. రెండు అరచేతుల మధ్య పెట్టి నలపడం మొదలుపెట్టాడు. వెనక వరస ఆగిపోయింది. ఎవరో గొంతు సవరించుకున్నారు. "కానివ్వండి మాస్టారూ" అని ఇంకెవరో అన్నారు. అంతమంది చూస్తున్నా నాన్న తొందరపడలేదు. మట్టి మెత్తగా పొడి అయ్యేదాకా నలిపి, వంగి, వేళ్ళ సందుల్లోంచి నెమ్మదిగా వదిలాడు. చప్పుడు కాలేదు. తర్వాత ఇంకో పెళ్ళ తీసుకున్నాడు.