ఎండిన నోటికి బేరం

నేను ఆదోనిలో బట్టల వ్యాపారిని. ఒకప్పుడు గల్ఫులో కొట్లో పనిచేశాను కాబట్టి అరబ్బీ వచ్చు. షుగరుంది కాబట్టి నోరెండుతుంది. ఈ రెండూ ఉన్నందుకు పోయిన ఏడాది మా అన్న కూతురు షబానాకు చిక్కాను.

తను ఎమ్మిగనూరులో పళ్ల డాక్టరు. నోరెండే రోగులను అడిగే ప్రశ్నలను గల్ఫు ఆసుపత్రుల్లో వాడేందుకు అరబ్బీలోకి మార్చింది. ఒకే మనిషి వారం తర్వాత కూడా అదే జవాబు చెబితేనే అవి పనికొస్తాయట, తన పైచదువు గట్టెక్కుతుందట.

షాపులో కూర్చుని, నోరు ఎంత ఎండుతోందో సున్నా నుంచి పది దాకా అంకెలో చెప్పమని అరబ్బీలో అడిగింది. "పది" అన్నాను. మారు మాట్లాడకుండా రాసుకుని పోయింది. మొదట చెప్పిన అంకెకే ఒప్పుకునే పిల్ల ఎట్లా బతుకుతుందా అని నాకు దిగులేసింది.

వారానికి మళ్లీ వచ్చి అదే అడిగింది. హమ్మయ్య, బేరానికి వచ్చిందనుకున్నాను.

"సరే, ఇంటి పిల్లవు. ఆరు చేసుకో."

తన ముఖం పాలిపోయింది. "వారంలో ఏం మందు తిన్నావు చాచా?"

"ఏమీ లేదు. మళ్లీ వస్తివి కదా, తగ్గించినా."

"నువ్వొక్కడివే కాదు. ఈ బజారులో గల్ఫుకు పోయొచ్చిన నోరెండేటోళ్లను అడిగితే అంతా తగ్గించినారు. నేను రెండుసార్లు అడిగితే జబ్బు నయమైతాందని మా సారు నవ్వుతాండాడు. నా చదువు మునుగుతాంది చాచా. బేరం వద్దు, నిజం సెప్పు."

ఒక రోజు గడువడిగాను. గిరాకీలతో మాట్లాడుతూనే నాలుక తడి చూసుకుని, మర్నాడు "ఎనిమిది" అన్నాను. వారం తర్వాత అడిగినా ఎనిమిదే అన్నాను.

ఒకటే రేటు, తగ్గేది లేదని రోజూ అంటూనే ఉంటాను. ఆ మాట మీద నేను నిలబడింది మాత్రం ఆ ఒక్కసారే.