రెండో కనుబొమ్మ

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. "సగంకనుబొమ్మ ఎక్కడుంటుంది?" అని అడిగితే మాత్రం చిన్నపిల్లలు కూడా బ్యూటీ పార్లర్ వైపు వేలు చూపిస్తారు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఏడాది కిందట ఓ పెళ్లికూతురికి కనుబొమ్మలు తీరుస్తోంది. దారం కొస పళ్ల మధ్య బిగించి ఉండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు. ఇక పోయాననుకుని దారం ఉమ్మేసి పెరట్లోకి పరుగు తీసింది. కాసేపటికి దడ తగ్గింది. లోపల పెళ్లికూతురు మాత్రం ఒక కనుబొమ్మ నెలవంకలా, రెండోది గొంగళిపురుగులా పెట్టుకుని శాపనార్థాలు పెడుతోంది.

డాక్టరు అన్నీ చూసి, "గుండె గుండ్రాయిలా ఉంది. ఇది పానిక్ ఎటాక్, ప్రాణానికేం ఢోకా లేదు," అన్నాడు. ఆమె నమ్మలేదు. డాక్టరేమైనా తన ఒంట్లో కాపురముంటున్నాడా? పెరట్లోకి పరిగెత్తాను కాబట్టే బతికానన్నది ఆమె సిద్ధాంతం. దడ వచ్చినప్పుడల్లా పరిగెత్తింది, పరిగెత్తినప్పుడల్లా బతికింది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకికి మొక్కడం మొదలుపెట్టింది మహాతల్లి. పైగా దడ వస్తోందేమోనని గంటకోసారి నాడి పట్టుకుని చూసుకునేది. అంత మర్యాదగా పిలిస్తే రాకుండా ఎలా ఉంటుంది?

పార్లర్ ఆమె పిన్నిది. పిన్నికి ఓపిక నశించింది.

"ఇంకొక్క మొహం సగంలో వదిలావంటే దారం ముట్టుకోనివ్వనే. తువ్వాళ్లు ఉతుక్కుంటూ కూర్చో."

ఆ మాటతో ఆమె మొహం మాడిపోయింది. ఆమెకు వచ్చిన పని అదొక్కటే, ఆ పనంటే ప్రాణం కూడా.

ఆ మర్నాడే ఓ రిటైరైన హెడ్మిస్ట్రెస్ వచ్చి కుర్చీలో వెనక్కి వాలింది. కళ్లు మూసుకుని, రెండు చేతులతో కనుబొమ్మ దగ్గర చర్మం బిగించి పట్టుకుంది. మొదటిది చక్కగా అయింది. రెండోది సగంలో ఉండగా వచ్చింది దడ. దారం ఉమ్మేసి ఓ అడుగు పెరటివైపు వేసింది.

"ఎక్కడికమ్మాయ్?" హెడ్మిస్ట్రెస్ కళ్లు తెరవలేదు.

"దడొచ్చిందండీ, చచ్చిపోతానేమో!"

"ఇది పూర్తిచేసి చావు. ఈ మొహంతో నేను ఆటో ఎక్కను."

"ఊపిరాడట్లేదండీ!"

"ఆడకపోతే ఇంత గట్టిగా ఎలా అరుస్తున్నావ్?"

అవతల పిన్ని తువ్వాళ్ల గుట్టనీ, ఈమెనీ మార్చి మార్చి చూస్తోంది. ఇక గతిలేక కుర్చీ వీపు పట్టుకుని చావు కోసం నిలబడింది. దడ పెరిగింది. ఇంకా పెరిగింది. చావు మాత్రం రాలేదు. చివరికి, అలిగిన చుట్టం బతిమాలేవాళ్లు లేక తనే లేచి వెళ్లినట్టు, దడ దానంతటదే దిగిపోయింది. పెరడు చూడకుండానే!

ఆమె దారం మళ్లీ పళ్ల మధ్య పెట్టుకుని మిగిలిన సగం పూర్తిచేసింది. అప్పుడు ముంచుకొచ్చింది కోపం. పరిగెత్తకపోయినా అది పోయేదే! ఏడాదిపాటు ఊరందరి నోళ్లలో పడింది దేనికి? కోపం ఎవరి మీద చూపించాలో తెలియక భోరున ఏడ్చింది.

హెడ్మిస్ట్రెస్ అద్దంలో రెండు కనుబొమ్మలూ సరిచూసుకుంది.

"ఏమ్మా, ఇప్పుడు చస్తావా?"

"లేదండీ," అంది ముక్కు చీదుకుంటూ. "అప్పర్‌లిప్ మీద నూగు కూడా తీసెయ్యమంటారా?"