కుదుపులు పోయిన కారు

మా ఆయన అక్కను మా వాళ్లంతా 'రైట్ రైట్ వదిన' అంటారు. ఎదురుగా కాదు, అంత ధైర్యం ఎవరికీ లేదు. ఉద్యోగమంతా సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయింది. నిలబడి నిలబడి నడుము పాడైంది, అరిచి అరిచి గొంతు గట్టిపడింది. మన ఇంటికొచ్చి మంచినీళ్లు అడిగినా చిల్లర అడిగినట్టే ఉంటుంది. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. ఇంట్లో వదిలి వెళ్లడానికి ఎవరూ లేక, బడి అయ్యాక తన బస్సులోనే వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పేదట. పిల్లవాడు నిద్రపోతే, దిగాల్సిన స్టాపు రాకముందే భుజం తట్టి లేపేదట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా ఆయన గొంతు మారుతుంది. పెళ్లయిన కొత్తలో నాకు విసుగొచ్చేది. ఇప్పుడు అలవాటైంది.

కొన్నేళ్లుగా వదినకు చూపు తగ్గుతూ వచ్చింది. గ్లకోమా, అంటే నీటికాసులన్నాడు డాక్టరు. పోయింది ఎలాగూ తిరిగిరాదు, ఉన్నది కాపాడుకోమన్నాడు. మొదట్లో ఆసుపత్రికి మా ఆయన వెంట వెళ్లేవారు. తరువాత ఆవిడే వద్దంది. పక్కింటావిడతో వెళ్లొచ్చి, 'ఎలా ఉందో అలాగే ఉందన్నాడు' అని చెప్పేది. ఉండేది ఒక్కతే, పై అంతస్తులో రెండు గదుల ఇంట్లో.

మా ఆయన మాత్రం ఒక మాట తేల్చేశారు. "నీకు చూపు ఆనినంత కాలం నీ ఇంట్లో నువ్వుండక్కా. ఆనని రోజున మా ఇంటికొచ్చేయాలి. ఇందులో వాదన లేదు."

మా వెనక గదికి రంగు కూడా వేయించారు. నాకు వదినంటే ఇష్టమే, ఆదివారాల్లో. మిగతా రోజుల గురించి నన్నెవరూ అడగలేదు కాబట్టి నేనేమీ అనలేదు.

ఆవిడకు ఎంతో కొంత కనిపిస్తోందని మాకు నమ్మకం కలిగించింది మా కారే. ప్రతి ఆదివారం ఆవిణ్ణి భోజనానికి తీసుకొచ్చి, సాయంత్రం దింపుతాం. వెనక సీట్లో నా పక్కన కూర్చుని దారి పొడవునా చెబుతూనే ఉంటుంది. "వంతెన ఎక్కాం. రైలు గేటు దాటాం. ఇదిగో, ఈ గొయ్యి ఇంకా పూడ్చలేదు వెధవలు. స్కూలొచ్చింది, మెల్లగా పోనీ." ఒక్కటీ తప్పేది కాదు. మా ఆయన అద్దంలోంచి నా వైపు చూసి తల ఆడించేవారు, చూశావా, బాగానే ఉంది అన్నట్టు.

దాంతోపాటు ఇంకోటి కూడా ఉండేది. "ఒరే, ఇది కారా, తిరగలా? నా నడుం పిండి చేస్తున్నావు." ఆ మాటలో అబద్ధం లేదు. మా కారు ముసలిది. చిన్న రాయి ఎక్కినా పళ్లు కొట్టుకునేవి, దిగిన తరువాత కూడా ఒళ్లు ఊగుతున్నట్టే ఉండేది. చివరికి మా ఆయన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. అతను బానెట్ మూలను అరచేత్తో కిందికి నొక్కి వదిలాడు. ఒక్కసారి లేచి ఆగాల్సింది ఉయ్యాలలా ఊగుతూనే ఉంది. కిందికి దూరి చూసి, షాకబ్జర్లలో ఆయిలంతా కారిపోయిందనీ, రబ్బరు బుష్‌లు పొడి అయిపోయాయనీ, ముందు స్ప్రింగులు చచ్చిపోయాయనీ వరసగా చెప్పాడు. అన్నీ కొత్తవి వేయించారు. ఇంటికొస్తుంటే కారు మాదేనా అనిపించింది. వీధి చివర స్పీడ్ బ్రేకర్ ఎక్కామో లేదో కూడా తెలియలేదు. మా ఆయన ముఖం చూడాలి, అక్క కోసం మేడ కట్టించినంత సంబరం.

ఆదివారం వదిన కారెక్కింది. మా ఆయన కావాలనే ఏమీ చెప్పలేదు, ఆవిడే గమనించి మెచ్చుకోవాలని. కొంతదూరం వెళ్లాక ఆవిడ, "బండి కదలదేం?" అంది.

"కదిలి చాలాసేపయిందక్కా. ఎలా ఉంది? అన్నీ మార్పించాను."

వదిన రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని కూర్చుంది. తరువాత ఉన్నట్టుండి, "వంతెన రెయిలింగుకి రంగు వెలిసిపోయిందే," అంది. నేను బయటికి చూశాను. వంతెన ఎప్పుడో దాటేశాం. మా పక్కన ఉన్నది ఆసుపత్రి గోడ. పొరబడిందిలే అనుకున్నాను. ఇంకాసేపటికి, "ఏ దారిన తీసుకెళ్తున్నావురా?" అంది. ఆ గొంతులో కోపం ఉంది, దాని కింద ఇంకేదో కూడా ఉంది. అదేమిటో నాకప్పుడు అంతుపట్టలేదు.

"ఎప్పుడూ వెళ్లే దారేనక్కా."

ఆ రోజు సరిగా తినలేదు. చెయ్యి కడుక్కుని, "పాతవే మళ్లీ పెట్టించు," అంది.

మా ఆయనకు అయోమయం. "నడుం నొప్పి ఎక్కువైందా?"

"ఎక్కువైంది."

మా ఆయన మర్నాడే మెకానిక్ దగ్గరికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను, ఈ వింత చూద్దామని. అతను నాలుగు మూలలూ నొక్కి చూశాడు, గుంతల రోడ్డు మీద మమ్మల్ని తిప్పి తెచ్చాడు. "ఇందులో వంక పెట్టడానికేం లేదు సార్. కుదుపు తగ్గించమని వస్తారు గానీ, కుదుపు మళ్లీ పెట్టమని అడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు," అన్నాడు. పాతవి తుక్కు కింద పోయాయని కూడా చెప్పాడు.

ఆ వారమంతా మా ఇంట్లో ఇదే గోల. అలవాటు లేని సుఖం ఒంటికి పడలేదేమోనని ఒకసారి, తనకు చెప్పకుండా చేయించానని అలిగిందేమోనని ఇంకోసారి అన్నారు మా ఆయన. చివరికి నా వైపు తిరిగి, "నువ్వేమైనా అన్నావా?" అని అడిగారు. నాకు ఒళ్లు మండింది. షాకబ్జర్లు మారిస్తే దానికీ నేనే కారణమా? ఆ రోజు వంట చేశాను గానీ వడ్డించలేదు.

తరువాతి ఆదివారం వదిన రానంది. బతిమాలితే వచ్చింది. దారంతా ఒక్క మాట లేదు. ఏ స్టాపూ చెప్పలేదు.  సగం దారిలో మా ఆయన పెట్రోలు బంకులోకి ఎడమకు తిప్పారు. చిన్న ఎత్తు ఎక్కి కారు ఆగింది. ఇంజన్ ఆపి ఆయన దిగారు.

వదిన కూడా తలుపు తీసుకుని దిగింది. చెయ్యి పక్కకు చాపి గాల్లో దేనికోసమో తడిమింది. కుడికాలు ముందుకు పెట్టి, నేలను రాస్తూ వెతికింది. మా ఇంటి ముందు కూడా ఎడమకు తిరిగితే అలాంటి ఎత్తే ఉంటుంది. దిగగానే కుడి పక్క కమ్మీ, ఎదురుగా మెట్టు. ఆవిడ మా ఇంటి మెట్టు కోసం వెతుకుతోంది. ఎదురుగా లారీ నిలబడి ఉంటే, కళ్లు దాని వైపే ఉన్నాయి, వాటిలో ఆ లారీ లేదు.

పెట్రోలు వాసన తగిలినట్టుంది, కాలు ఆగిపోయింది. చాపిన చెయ్యి మెల్లగా దించుకుంది. నేను పరుగున వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాను. పంపు దగ్గర మా ఆయన ట్యాంకు మూత చేత్తో పట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

"నన్ను మా ఇంటికి తీసుకెళ్లరా," అంది వదిన.

వాళ్లింటి మెట్లు ఆవిడే ముందు ఎక్కింది, కమ్మీ పట్టుకోకుండా. తాళం ఒక్కసారికే తీసింది. గదిలో మసక చీకటి. నేను తడబడి స్టూలుకు మోకాలు కొట్టుకుని లైటు వేసేలోపు, ఆవిడ వంటింట్లో స్టవ్ వెలిగించింది. కప్పు అంచు మీద చూపుడువేలి కొస ఆనించి టీ పోసింది. ఒక్క చుక్క ఒలకలేదు.

"ఎప్పటినుంచక్కా?" అన్నారు మా ఆయన.

"పోయినేడు వానలకు ముందే. అంతవరకు ఓ మూల నీడలు కనిపించేవి, అవీ పోయాయి."

"మరి వంతెన, గేటు, గొయ్యి... అన్నీ చెప్పేదానివి కదా."

"బస్సులో నేనెప్పుడు బయటికి చూశానురా? టికెట్లు కొట్టడానికే కళ్లు చాలేవి కావు. ఏ స్టాపైనా కాళ్లకే తెలిసేది. నీ కారు నన్ను ఎత్తి కుదేస్తుంటే, ఎక్కడున్నానో ఇట్టే తెలిసిపోయేది. ఇప్పుడు మలుపు తిరిగితే తెలుస్తోంది గానీ, ఏ మలుపో తెలియడం లేదు."

మా ఆయన కూర్చోలేదు. "బట్టలు సర్దుకో," అన్నారు. "అనుకున్న మాటే కదా. వాదన లేదన్నాను."

"వాదించడం లేదు. చూడు, ఇన్నాళ్లలో ఒక్క దెబ్బ తగిలిందా? ఒక్క గిన్నె పడిందా? ఈ ఇంట్లో నేను గుడ్డిదాన్ని కాదురా. మీ ఇంటికొస్తే అవుతాను."

 నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కోసం వచ్చిందో, వెనక గది ఖాళీగా ఉంటుందన్న ఊరటకు వచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేను. "ఆవిణ్ణి ఇక్కడే ఉండనివ్వండి," అన్నది మాత్రం నేనే. మా ఆయన నా వంక చూసి, చల్లారిపోయిన టీ తాగారు. రోజూ పొద్దున్నే వచ్చి చూసి వెళ్తానని మాత్రం అన్నారు. "రా, టీ ఇస్తాను," అంది వదిన.

ఆ పై ఆదివారం ఆవిడ కారెక్కి, పాత అలవాటుగా, చెప్పబోయి నోరు మూసుకుంది. మా ఆయన అద్దంలో చూశారు. గొంతు సవరించుకున్నారు.

"వంతెన ఎక్కాం," అన్నారు. తరువాత, "రైలు గేటు దాటాం."

"దాటాక చెబితే ఏం లాభం?" అంది వదిన, పూర్వపు గొంతుతో. "దిగాల్సినవాడు ఎలా దిగుతాడు? స్టాపు రాకముందే చెప్పాలి."

"నువ్వు నాకు ముందే చెప్పావా అక్కా?"

 వదిన ముందుకు వంగి, సీటు అంచు తడుముకుంటూ వచ్చి, మా ఆయన భుజం దొరకబుచ్చుకుని దాని మీద మెల్లగా తట్టింది.

"చెప్పలేదురా. తప్పే."

ఆయన తల ఊపారు. తల ఊపితే ఆవిడకు తెలియదని గుర్తొచ్చి, గట్టిగా, "తరువాతిది స్కూలు," అన్నారు. నేను కిటికీలోంచి ముందుకు చూశాను. స్కూలు ఇంకా కనిపించనే లేదు.