ఓడ మీద చేప తాజాదేనా

కరోనా తర్వాత విహార నౌకలు మళ్లీ కదిలిన రెండో ఏడాది, వానాకాలం చివర్లో, నాకు రెండు పనులు ఒకేసారి అప్పగించారు. మొదటిది మామూలుదే, చెన్నై నుంచి బయల్దేరే ఓడలో ప్రొవిజన్ మాస్టర్‌గా చేరడం. రెండోది అంతకు ముందే చేయవలసింది. ఎలాగూ సెలవులో హైదరాబాదులోనే ఉన్నాను కాబట్టి, జూబ్లీ హిల్స్‌లో ఒక కుటుంబాన్ని కలిసి, ఓడ మీద పెట్టే తిండి గురించి వాళ్లకున్న అనుమానాలు తీర్చి రమ్మన్నారు. మా ఇల్లు షేక్‌పేట పాత ఊళ్లో. అక్కడికి బండి మీద పావుగంట. నా ఉద్యోగం మొత్తంలో అంత దగ్గరి డ్యూటీ ఇంకోటి లేదు. అంతగా భయపడిన డ్యూటీ కూడా లేదు.

ప్రొవిజన్ మాస్టర్ అంటే వంటవాడు కాదు, ఓడ సరుకులకు బాధ్యుడు. రేవులో లారీ ఆగగానే పెట్టె తెరిపించి, చేప మధ్యలో సూది థర్మామీటర్ గుచ్చి చూస్తాడు. ఉండవలసినంత చల్లగా లేకపోతే లారీని వెనక్కి పంపేస్తాడు. హోదాలో పెద్ద షెఫ్ కంటే కిందివాడే. అయినా గడువు దాటిన సరుకు ఆ షెఫ్ అడిగినా ఇవ్వకూడదు. నేను ఈ పనిలోకి రాకముందు కొన్నేళ్లు గ్యాలీలో, అంటే ఓడ వంటగదిలో, వండాను. అందుకే కంపెనీ నన్ను ఎంచుకున్నట్టుంది.

ఫిల్మ్ నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ పైఅంతస్తులో మా బుకింగ్ ఆఫీసు ఉండేది. దాన్ని నడిపే కవిత విషయం చెప్పింది. విశ్వేశ్వరరావు గారని, చాలాకాలం సినిమాలు తీసిన నిర్మాత. తనకు అరవై నిండుతున్న సందర్భంగా పాత స్నేహితులనూ, తన దగ్గర పనిచేసిన టెక్నీషియన్లనూ కుటుంబాలతో సహా ఓడ మీద తిప్పాలని కేబిన్లు బుక్ చేశారు. ఇంతలో ఇంట్లోవాళ్లు ఫోన్లో ఒక వీడియో చూశారు. ఓడల్లో గుడ్లు పొడితో చేస్తారని, చేప పేరుతో పిండిముద్దలు వేయిస్తారని, మాంసం ఏళ్ల తరబడి ఫ్రీజర్లో పడి ఉంటుందని అందులో ఎవరో చెప్పారట.

“మీరు వెళ్లి అంతా ఫ్రెష్ అని ఒక్క మాట చెప్పండి సార్. ఓడలో పనిచేసే మనిషి చెప్తే నమ్ముతారు. ఈ గ్రూప్ క్యాన్సిల్ అయితే ఈ ఆఫీసు ఉంచరు, ముంబై హెడ్డాఫీసువాళ్లు ఇప్పటికే అడుగుతున్నారు” అంది.

నేను సరేననలేదు, కాదనీ అనలేదు. ఆ మాట అంత బరువుదవుతుందని అప్పటికి తెలియదు.

మర్నాడు కవితతో కలిసి ఆ ఇంటికి వెళ్లాను. విశ్వేశ్వరరావు గారు సన్నగా, మాస్కుతో, మాకు దూరంగా కిటికీ పక్కన కూర్చున్నారు. మాట్లాడింది ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు. భీమవరం వైపు మనిషి. నేను కూర్చోకముందే మొదలుపెట్టారు.

“ముందే చెప్తున్నానండీ. నిరుడు ఈయనకి కిడ్నీ మార్చారు. నాదే ఇచ్చాను. అప్పట్నుంచీ ఈయన తినే ప్రతి ముద్దా నేనే వండుతున్నా. బయటి తిండి ఈ గేటు లోపలికి రాదు. ఒక్కటే అడుగుతాను. మీ ఓడలో పెట్టేది నిజం చేపేనా? తాజాదేనా?”

కిడ్నీ మార్చినవాళ్లు జీవితాంతం వాడే మందులు ఒంట్లోని రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. మనకు ఒకపూట విరేచనాలతో పోయేది వాళ్లను ఆసుపత్రి పాలు చేస్తుంది. అలాంటి మనిషి గురించి అడుగుతున్నప్పుడు ‘ఫ్రెష్’ అన్న మాట నోరు దాటలేదు.

“నిజం చేపేనమ్మా. తాజాది మాత్రం కాదు” అన్నాను.

కవిత టీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

ఇక దాచి లాభం లేదని ఉన్నదంతా చెప్పాను. పళ్లూ కూరగాయలూ తాజావే, ఓడ బయల్దేరే రేవులో ఎక్కుతాయి. ఆకుకూర ముందు అయిపోతుంది, క్యాబేజీ, క్యారెట్ చివరిదాకా ఉంటాయి. రొట్టెలు రోజూ ఓడలోనే కాలుస్తారు. చేపా మాంసమూ దాదాపు అన్నీ గడ్డకట్టించినవే. ఆమ్లెట్ గుడ్డు పొడి కాదు, నిజం గుడ్డే, కానీ పగలగొట్టి, సూక్ష్మజీవులు చచ్చేంత వేడి చేసి, డబ్బాల్లో పోసి పంపినది. సూపు కొన్నిసార్లు ఎముకలు మరిగించి చేస్తారు, కొన్నిసార్లు సీసాలో వచ్చే ముద్ద కలుపుతారు.

“అంటే చచ్చి ఎన్నాళ్లయిందో తెలీని చేపన్నమాట” అన్నారావిడ.

“తెలుస్తదమ్మా. పట్టిన రోజు, గడ్డకట్టించిన రోజు, రెండూ పెట్టె మీదనే ఉంటయి. రేవులో పడవ దగ్గర కొన్న చేపకు అవి ఉండవు. అందుకే మేం అట్ల కొనం.”

ఆవిడ ముఖంలో నమ్మకం కనిపించలేదు. అప్పుడు విశ్వేశ్వరరావు గారు మాస్కు సర్దుకుంటూ మెల్లగా అన్నారు. “రాజ్యం, ఏడాదిగా నేను ఈ గేటు దాటింది హాస్పిటల్‌కే. వాళ్లంతా నాకోసం వస్తామంటున్నారు. ఆయన్ని ఓసారి ఇక్కడే వండి చూపించమను. తిని చెప్తాను.”

డాక్టరును అడిగితే, పూర్తిగా ఉడికినదైతే తినవచ్చన్నారట. ఆవిడ ఒప్పుకున్నారు. కిందికి దిగాక కవిత “చంపేశారు సార్” అని మాత్రం అంది.

హైదరాబాదు నుంచి ఓడకు సరుకు పంపే వ్యాపారి దగ్గరనుంచే, ఓడకు వెళ్లే పెట్టెల్లోంచే పండుగప్ప ముక్కలు తీసుకున్నాను. వండేముందు వాటిని బయట పెట్టి కరిగించకూడదు. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి నెమ్మదిగా కరగనివ్వాలి. అందుకని ముందురోజు సాయంత్రమే ఐస్ పెట్టెలో పెట్టుకుని బయల్దేరాను. చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో కారు చాలాసేపు కదల్లేదు. పెట్టె మూత తెరవాలనిపించింది, తెరిస్తే చల్లదనం పోతుందని ఊరుకున్నాను. వాళ్ల ఇంటికి చేరాక థర్మామీటర్ పెట్టి చూస్తే ముక్క ఇంకా రాయిలాగే ఉంది. వాళ్ల ఫ్రిజ్ కింది అరలో పళ్లెం పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి వచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ల వంటింట్లోనే వండాను. రాజ్యలక్ష్మి గారు పక్కనే నిలబడ్డారు. పచ్చి ముక్కను వేలితో నొక్కి చూసి, “కండ కొంచెం మెత్తబడింది. వాసన మాత్రం ఏం లేదు” అన్నారు. నిజమే, గడ్డకట్టి కరిగిన చేప కండ కాస్త వదులవుతుంది. నిమ్మరసం, మిరియాలతో ఓవెన్‌లో కాల్చి, మధ్యలో సూది గుచ్చి వేడి చూపించాను. దానితోపాటు డబ్బా గుడ్లతో ఆమ్లెట్, కూరగాయల సూపు. ఓడ పద్ధతి ప్రకారం ప్రతి వంటకంలోంచీ కొంత తీసి, మూతపెట్టి ఫ్రీజర్లో దాచాను. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పరీక్షకు పనికొస్తుందని అలా ఉంచుతాం.

కవితతో కలిపి నలుగురం తిన్నాం. విశ్వేశ్వరరావు గారు ముక్క మొత్తం తిని, “భీమవరం చేప కాదులే గానీ, చేపే” అన్నారు. రాజ్యలక్ష్మి గారు మొదటిసారి నవ్వారు. కవిత ఆ సాయంత్రమే ముంబైకి ఫోన్ చేసి గ్రూపు ఖాయమని చెప్పేసింది.

మరుసటి రోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతుంటే కవిత ఫోన్ చేసింది. విశ్వేశ్వరరావు గారికి చలిజ్వరం, వాంతులు. బంజారా హిల్స్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లారు.

నా భార్య సుజాత కంచంలో అన్నం పెట్టి అలాగే నిలబడింది. “ఏమైంది, గట్ల కూసున్నవేంది” అంది. ఆ ఇంటి ఫ్రిజ్ తలుపే కళ్లముందు మెదులుతోంది. పెట్టిన సాయంత్రం చూశాను, మర్నాడు వండేముందు చూశాను, రెండుసార్లూ చల్లదనం సరిగానే ఉంది. కానీ మధ్యలో రాత్రి? నీళ్ల సీసాకో పాలకో ఎవరో తలుపు తెరిచి సరిగా వేయకపోతే? ఓడలో అయితే చలిగది తలుపు తెరిచి ఉంటే గంట మోగుతుంది. ఇంటి ఫ్రిజ్‌కి అదేమీ లేదు. ఇవన్నీ ముందే ఆలోచించవలసినవి. మిగతా ముగ్గురికీ ఏమీ కాలేదన్నది ధైర్యమిచ్చే మాట కాదు, మా ఒళ్లు వేరు, ఆయన ఒళ్లు వేరు.

ఆసుపత్రికి వెళ్లేసరికి కవిత లిఫ్ట్ దగ్గర ఉంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. “రాజ్యలక్ష్మి గారు నాతో మాట్లాడట్లేదు సార్” అంది. లోపలికి వెళ్లాను. కిడ్నీ విభాగం డాక్టరమ్మ ఏం తిన్నారని అడిగింది. చేప గడ్డకట్టినదని, ఎక్కడనుంచి తెచ్చానో, ఎలా కరిగించానో, ఎంత వేడి మీద వండానో, రాత్రి ఫ్రిజ్ సంగతి నాకు తెలియదన్నదీ, అంతా చెప్పాను. మిగిల్చి ఉంచిన వంట ఉందని కూడా చెప్పాను. “అది అలాగే ఉంచండి. ముందు రక్తం, మూత్రం పంపుతున్నాం. ఏ సూక్ష్మజీవో తేల్చే కల్చర్ రిపోర్టు రావడానికి టైం పడుతుంది” అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత కాసేపటికి మా హోటల్ డైరెక్టర్ ఫోన్ చేశాడు. ఓడలో భోజనం, గదులు, సేవలన్నిటికీ అతనే పై అధికారి. లీగల్ వాళ్లు చెప్పేదాకా ఆసుపత్రిలో ఎవరితోనూ ఏమీ మాట్లాడవద్దన్నాడు. అప్పటికే మాట్లాడేశానన్నాను. అతను ఫోన్ పెట్టేశాడు.

రాజ్యలక్ష్మి గారు వార్డు బయట కుర్చీలో ఉన్నారు. పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా, కూర్చోవడానికి ధైర్యం చాలక నిలబడ్డాను. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“కూర్చోండి అన్నయ్యగారూ” అన్నారు చివరికి.

కూర్చున్నాను. ఆవిడ నావైపు చూడకుండానే మాట్లాడారు. “నిన్న సాయంత్రం పెరుగుపచ్చడి చేసిపెట్టమన్నారు. చేశాను. మొయినాబాద్‌లో మా పొలం నుంచి తెప్పించిన గేదె పాల పెరుగు. పచ్చి ఉల్లిపాయ, పచ్చి కొత్తిమీర. పచ్చివి వద్దని డాక్టరుగారు ఎన్నోసార్లు చెప్పారు. తాజాదే కదా, ఇంట్లోదే కదా అనుకున్నా. ఇందాక డాక్టరమ్మ అడిగినప్పుడు మీ చేప ఒక్కటే చెప్పాను.”

నాకు తేలిక పడాల్సింది. పడలేదు. “ఫ్రిజ్ గురించి నాకూ డౌటే ఉందమ్మా. మీ పచ్చడో నా చేపో ఇప్పుడే చెప్పలేం. కానీ పచ్చడి సంగతి డాక్టరమ్మకు తెలియాలె” అన్నాను.

“నా కిడ్నీ ఇచ్చి, నా చేత్తోనే...” అని ఆగిపోయారు. కాసేపు కొంగుతో కళ్లు ఒత్తుకుని, లేచి తనే డాక్టరు గదికి నడిచారు.

కల్చర్ ఫలితం వచ్చేదాకా నేను రోజూ అక్కడికి వెళ్లాను. వెళ్లి చేసేదేమీ లేదు. ఇంట్లో ఉండలేక వెళ్లాను. రాజ్యలక్ష్మి గారు తన ఫ్లాస్కులోని కాఫీ నాకూ పోసేవారు. ఇద్దరం ఎవరి తప్పును వాళ్లం లెక్కేసుకుంటూ కూర్చునేవాళ్లం.

చివరికి డాక్టరమ్మ బయటికి వచ్చి చెప్పింది. మూత్రంలో ఇన్ఫెక్షన్. కిడ్నీ మార్చినవాళ్లకు తరచూ వచ్చేదే. తిన్న తిండితో సంబంధం లేదు. మందులు పనిచేస్తున్నాయి, జ్వరం దిగుతోంది. రాజ్యలక్ష్మి గారు “పచ్చడి కాదా?” అని అడిగారు. “కాదు. కానీ పచ్చడి మాత్రం మళ్లీ పెట్టకండి” అంది డాక్టరమ్మ.

ఆయన కోలుకున్నారు. కానీ ఆ సీజన్‌లో ప్రయాణం వద్దని డాక్టర్లు గట్టిగా చెప్పడంతో గ్రూపు రద్దయింది. ఫిల్మ్ నగర్ ఆఫీసు కొన్ని నెలల్లో మూతపడింది. కవిత బంజారా హిల్స్‌లో వేరే ట్రావెల్ కంపెనీలో చేరింది. నా మీద ఆమెకు కోపం పోయిందో లేదో తెలియదు, నేనూ అడగలేదు. చెప్పకుండా డాక్టరుతో మాట్లాడినందుకు కంపెనీ నన్ను హెచ్చరించింది. దాన్ని నేను కాదనలేదు.

ఆ మరుసటి ఏడాది భార్యాభర్తలిద్దరే మా ఓడ ఎక్కారు. రాజ్యలక్ష్మి గారు సరుకుల గదులు చూడాలన్నారు. పైవాళ్ల అనుమతి తీసుకుని, చలికోటు తొడిగించి చేపల గదిలోకి తీసుకెళ్లాను. పెట్టెల మీద తేదీలు ఒక్కొక్కటే చదివారు. ఒకదాని దగ్గర ఆగి, “ఇది ఆయనకి వద్దు, పక్కది పెట్టించండి” అన్నారు. రెండూ ఒకే రోజువి. అయినా పక్కదే పెట్టించాను.

రిటైరయ్యాక కూడా ఓడ తిండి తాజాదేనా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. కొంత తాజాది, ఎక్కువ భాగం గడ్డకట్టించినది, అన్నీ నిజమైనవే అని చెబుతాను. ఈ సంఘటన నాకు నేర్పింది మాత్రం తిండి గురించి కాదు. ఆ మొదటి రోజు నేను ఫ్రెష్ అని ఉంటే, రిపోర్టులో ఏం వచ్చినా ఆ కుర్చీలో ఆవిడ పక్కన కూర్చోగలిగేవాణ్ని కాదు, ఆవిడా పచ్చడి సంగతి నాతో చెప్పేవారు కాదు. డాక్టరుకు సగం సమాచారమే అందేది. మా వృత్తిలో సరుకు చెడిపోయిందని తేలితే పారేసి వేరేది తెచ్చుకోవచ్చు. కానీ ఆ సరుకు ఏమిటో ముందే నిజం చెప్పకపోతే, అవసరం పడినప్పుడు మన మాట ఎవరికీ పనికిరాదు.